వారాన్ని మధ్యలో తెంచకండి: ప్రాథమిక విద్యను నడిపే అధికారులకు ఒక తండా బడి టీచరు లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక తండా ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు, ఇద్దరం టీచర్లం, రెండు గదులు, ఒక వరండా. జీతం కోసమో బదిలీ కోసమో ఈ లేఖ రాయడం లేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఒక చిన్న బడిలో చదువు ఎట్లా నడుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో మీకు చెప్పాలని రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. బడి నడిచే వేళల్లో మమ్మల్ని తరగతి గదిలోంచి బయటికి పిలవకండి. పిలవక తప్పని రోజున మా స్థానంలో ఇంకొకరిని పంపండి.

ముందు లెక్క చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. అక్కడ లెక్కపెట్టింది పిల్లల తలలను. తరగతులను ఎవరూ లెక్కపెట్టలేదు. ఇద్దరం అయిదు తరగతులు పంచుకుంటే ఒకరికి రెండు, ఇంకొకరికి మూడు వస్తాయి. మూడు తరగతులు చూసే టీచరు తన నాలుగు గంటలను పంచితే ఒక్కో తరగతికి గంటా ఇరవై నిమిషాలు దొరుకుతాయి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం అన్నీ అందులోనే. ఇద్దరిలో ఒకరు మీటింగుకు పోయిన రోజు అయిదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. అప్పుడు తరగతికి 48 నిమిషాలు. అది కూడా ఎవరికీ దెబ్బ తగలకపోతే, ఎవరూ కడుపునొప్పి అనకపోతే, వంట చేసే అమ్మ బియ్యం కొలిచి ఇవ్వమని పిలవకపోతే.

ఈ 48 నిమిషాల వల్ల ఏం పోతుందో ఒక తీసివేత లెక్కతో చెబుతాను.

యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమని మూడో తరగతి పిల్లలకు బోర్డు మీద వేస్తే సగం మంది ముప్పై అయిదు అని రాస్తారు. ఇది ఏ బడిలోనైనా కనబడే తప్పే. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. అయిదు వస్తుంది. అయిదులోంచి రెండు పోతే మూడు. ముప్పై అయిదు. ఆ పిల్లకు తీసివేత రాదని మనం అనుకుంటాం. నిజానికి తీసివేత వచ్చు. యాభై అంటే అయిదు పదులు అన్నది ఇంకా చేతికి అందలేదు, అంతే. దాన్ని అందించడానికి మేం చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలు కడతాం. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఇరవై ఏడు ఇయ్యమంటాం. రెండు కట్టలు వెంటనే తీసి ఇస్తారు. ఏడు పుల్లలు అడిగితే చేతిలో రెండే ఉంటాయి. కొందరు మా మొహం చూస్తారు. కొందరు పక్కవాళ్ళ దగ్గర అప్పు తెస్తారు. చాలాసేపటికి ఎవరో ఒకరు, "టీచర్, ఈ కట్ట ఇప్పొచ్చా?" అని అడుగుతారు. మేం రోజంతా ఎదురుచూసే ప్రశ్న అదే. కట్ట విప్పితే పన్నెండు పుల్లలవుతాయి. అందులోంచి ఏడు తీస్తే అయిదు. మిగిలినవి రెండు కట్టలు. ఇరవై అయిదు.

అది మంగళవారం. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. చేతితో చేసినదాన్ని బుధవారం నోటుపుస్తకంలో చేయాలి. పుల్లలు పక్కనే ఉండాలి, పెన్సిలు కూడా చేతిలో ఉండాలి. కట్ట విప్పినప్పుడల్లా కాగితం మీద అయిదును కొట్టేసి నాలుగు వేయడం, రెండు పక్కన ఒకటి వేసి పన్నెండు చేయడం. ఆ రెండూ ఒకటేనని పిల్లకు తెలియాలి. గురువారం పుల్లలు తీసేసి లెక్కలు ఇస్తాం. ఎవరు ఎక్కడ ఆగిపోయారో అప్పుడే బయటపడుతుంది. అరవైలోంచి ముప్పై నాలుగు అంటే, సున్నా దగ్గర మళ్ళీ కొందరు ఆగుతారు. వాళ్ళను శుక్రవారం పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఇందులో బుధవారం నేను లేకపోతే గురువారం వచ్చేసరికి ముప్పై అయిదు మళ్ళీ కనబడుతుంది. మంగళవారం కట్ట ఇప్పొచ్చా అని అడిగిన పిల్ల కూడా ముప్పై అయిదే రాస్తుంది. మళ్ళీ పుల్లల దగ్గరికి పోవాలి. మీ దగ్గరికి వచ్చే నివేదికలో నేను ఒక్కరోజే మీటింగుకు పోయినట్టు ఉంటుంది. పిల్లకు పోయింది మాత్రం మూడు రోజులు. పనిదినాలను విడివిడిగా లెక్కపెడితే ఈ నష్టం ఎప్పటికీ కనబడదు.

తెలుగు చదవడం ఇంతకంటే సున్నితమైన పని. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు సంతలో, బస్సులో, టీవీలో వింటారు కానీ ఇంట్లో ఆ భాషలో ఏడవరు, నవ్వరు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఇచ్చారు. నేను ఇంగ్లీషు వద్దనే మనిషిని కాదు. మా తండా తల్లులు ఆశపడేదే దాని కోసం. నెల నెలా ప్రైవేటు బడి బస్సుకు డబ్బు కట్టలేక మా దగ్గరికి పంపేవాళ్ళకు ఆ ఆశ ఇంకా ఎక్కువ. కానీ ఒకటో తరగతి పిల్లకు పుస్తకంలో రెండు పక్కలా ఉన్నది పరాయి భాషే అని మీరు ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. మా బడిలో లంబాడీ వచ్చిన టీచరు లేరు. నాకు వచ్చినంతలో, పిల్లల దగ్గర నేర్చుకున్నంతలో నెట్టుకొస్తున్నాను.

అందుకే సోమవారం పొద్దున మాటలతో మొదలుపెడతాం. ఆదివారం ఏం చేశారో చెప్పమంటాం. మేక ఈనిందని ఒకరు, మామ హైదరాబాద్ నుంచి వచ్చాడని ఒకరు, మోటరు కాలిపోయిందని ఒకరు. సగం లంబాడీలో, సగం తెలుగులో చెబుతారు. నాలుగో తరగతి పిల్లలు చిన్నవాళ్ళ మాటలను నాకు తెలుగులో చెబుతారు. అందులోంచి ఒక వాక్యం బోర్డు మీద రాస్తాను. "మేక రెండు పిల్లలను ఈనింది." ఆ రోజు చదివే వాక్యం అదే. తాము చెప్పిన మాట బోర్డు మీద కనబడితే పిల్లలు దాన్ని వదలరు. అక్షరం తెలియనివాళ్ళు కూడా వేలు పెట్టి చదువుతారు. అందులోంచి 'మ' పట్టుకుంటాం, 'క' పట్టుకుంటాం, రెండో రోజుకు గుణింతాలకు పోతాం. ఈ మాటల సమయాన్ని రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. అధికారులు ఎవరైనా ఆ వేళకు వస్తే పాఠం ఇంకా మొదలు కాలేదేమని అడుగుతారు. అయ్యా, పాఠం మొదలైంది.

ఒత్తులు మరీ కష్టం. అక్క, అన్న, అవ్వ లాంటి వాటిలో ఏ అక్షరానికి ఆ ఒత్తే వస్తే తొందరగా పట్టుకుంటారు. పద్యం, చంద్రుడు, వర్షం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. ఏది ముందు పలకాలి, ఏది తర్వాత, కింద ఉన్నది ఏ అక్షరం, పక్కన ఉన్నది ఏ అక్షరం? 'ర'కు ఒత్తు ఒక తీరు, 'య'కు ఇంకో తీరు, 'మ'కు మరో తీరు. దానికి రోజూ కొంచెం కొంచెం కావాలి. ఒక్కరోజు మూడు గంటలు చెప్పినా రాదు, పది రోజులు పది నిమిషాల చొప్పున చెబితే వస్తుంది. వారంలో రెండు రోజులు తెగితే, మిగిలిన రోజుల్లో ఎంత గొంతు చించుకున్నా ఆ పది నిమిషాల పని జరగదు.

2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కన పెట్టి, పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో అక్కడి నుంచి చెప్పమన్నారు. మాలాంటి బడులకు కావలసింది అదే. దేశం మొత్తానికి కేంద్రం నడిపే నిపుణ్ భారత్ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం కూడా తప్పు కాదు. 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ నిమిషానికి 60 పదాలు చదవాలన్నారు. తెలుగులో ఒక్కో పదం ఎంత పొడుగు ఉంటుందో, మూడు నాలుగు ఇంగ్లీషు పదాల బరువు ఒక్కదాంట్లో ఎట్లా ఇముడుతుందో మీకు చెప్పనక్కరలేదు. అయినా లక్ష్యం లక్ష్యమే, ప్రయత్నిస్తాం. బాధ ఎక్కడంటే, ఆ లక్ష్యం చేరడానికి కావలసిన రోజులను ఆ లక్ష్యం పేరు మీదే తీసుకుంటున్నారు. తొలిమెట్టు మీద శిక్షణ, దాని మీద సమీక్ష, సమీక్షకు ముందు వివరాలు, సమీక్ష తర్వాత ఫొటోలు. పిల్లలు చదివారా లేదా అని తెలుసుకోవడానికే మేం చదువు ఆపి కూర్చుంటున్నాం.

ఇక ఫోను గురించి చెప్పాలి. బడి వేళల్లో వాట్సాప్ గ్రూపులో "అర్జంట్" అని వస్తుంది. బడుల వివరాలు నింపే యూడైస్‌లో ఫలానా గడి నింపలేదని, విద్యార్థి గుర్తింపు సంఖ్య ఆపార్ ఐడీ ఎంతమందికి అయిందని, ఎంతమందికి ఆధార్ అప్‌డేట్ కావాలని, యూనిఫాం కొలతలు పంపమని, ఈ రోజు ఎంతమంది తిన్నారని. సాయంత్రం లోపు అంటారు. ఒక్కోసారి గంట లోపు అంటారు. మా బడిలో హెడ్మాస్టరు అంటే వేరే మనిషి ఎవరూ లేరు. మా ఇద్దరిలో ఒకరే. మా తండాలో సిగ్నల్ సరిగా రాదు. గుట్ట వైపు రోడ్డు మీదికి పోయి నిలబడితే వస్తుంది. రోడ్డు మీద నిలబడి యాప్ తిరుగుతూ ఉంటే చూస్తూ ఉంటాం. గదిలో రెండు తరగతుల పిల్లలు పలకలు పట్టుకుని ఎదురుచూస్తుంటారు. వాళ్ళలో ఒక పిల్ల బయటికి వచ్చి, "టీచర్, రాసినం, చూడవా?" అని పిలుస్తుంది. ఆ పిలుపు వింటూ ఫోనులో అంకెలు నొక్కడం చాలా కష్టంగా ఉంటుంది. ఆ అంకెలు అవసరం లేవని నేను అనడం లేదు. అవే అంకెలు నెలకు ఒక్కసారి, ముందుగా చెప్పిన రోజున, బడి అయ్యాక అడిగితే ఎవరికి ఏ ఇబ్బంది వస్తుందో నాకు అర్థం కాదు.

మా అయిదో తరగతి పిల్లలు ఒక వారం నీళ్ళ గురించి చదివారు. ఈ భాగం కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మా ప్రాంతంలో నీళ్ళ పాఠం పుస్తకంలోది కాదు, ఇంట్లోది. పక్కనే మర్రిగూడ. ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఇక్కడ ప్రతి ఇంట్లో ఎవరి ఒంట్లోనో ఉంటుంది. గారపట్టిన పళ్ళు, వంగిన మోకాళ్ళు, కూర్చుంటే లేవలేని నడుములు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని చెబుతారు. మా ప్రాంతపు రాతిలోనే అది ఉంది. లోతు బోర్లు వేసినకొద్దీ రాళ్ళ మధ్య ఎక్కువకాలం నిలిచిన నీళ్ళు పైకి వచ్చాయి. పిల్లలను ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మన్నాను. మీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు, ఎప్పటి నుంచి మోకాళ్ళు నొస్తున్నాయి, ఇంటింటికీ నీళ్ళిచ్చే మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఏం మారింది అని.

మరునాడు పిల్లలు ఎంత తెచ్చారో చెప్పలేను. ఒక అబ్బాయి వాళ్ళ తాత, బోరు పడ్డ రోజున కొబ్బరికాయ కొట్టిన సంగతి చెప్పాడట. బోరు పడ్డదని పండగ చేసుకున్నారు, ఆ నీళ్ళే కాళ్ళు వంచాయి. ఇంకో పిల్ల వాళ్ళ నానమ్మ పళ్ళు చూపించి నవ్విందని చెప్పింది. ఒక పిల్ల అడిగింది: "టీచర్, నీళ్ళు తేటగా ఉంటే మంచియే కదా?" ఆ ప్రశ్న కోసం బకెట్‌లో కుంట నీళ్ళు తెచ్చి పటిక తిప్పాం. గంటసేపు ఆగితే బురద కిందికి దిగింది, నీళ్ళు తేటబడ్డాయి. అప్పుడు చెప్పాను, బురద కంటికి కనబడుతుంది, ఫ్లోరైడ్ కనబడదు, రుచికి తెలియదు, కాచినా పోదు, కాస్తే నీళ్ళు తగ్గి అది ఇంకా చిక్కబడుతుంది అని. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసిందని, ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటారని చెప్పాను. మన జిల్లా పేరే పెట్టారా అని వాళ్ళు కళ్ళు పెద్దవి చేశారు. తర్వాత ఒకడు, "మరి మా తాతకు ఎందుకు చేయలేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను ఆ పిల్లలతో చాలాసేపు మాట్లాడాను. రోజూ పటిక, సున్నం కొలిచి కలపాలి, కలిపినవాళ్ళు అడుగున దిగిన మడ్డిని తీసిపారేయాలి, ఊరూరా అది చూసుకునే మనిషి ఉండాలి అని. మంచి పద్ధతి ఉంటే చాలదు, రోజూ చేసే మనిషి కూడా కావాలి.

శుక్రవారం వాళ్ళు రాయాలి. విన్నది, చూసినది, అడిగినది, అంతా తమ మాటల్లో. అయిదో తరగతి పిల్లలు అయిదు వాక్యాలు దాటి రాయరని అందరూ అంటారు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఎవరు రాస్తారు? ఆ వారం వాళ్ళకు చెప్పడానికి చాలా ఉంది. ఆ శుక్రవారమే నాకు కబురు వచ్చింది, వెంటనే వచ్చి సంతకాలు పెట్టి పొమ్మని. బస్సు దొరకదు, పోయి రావడానికే పూట పడుతుంది. నేను పోయాను. తోటి టీచరు అయిదు తరగతులనూ ఒక గదిలో కూర్చోబెట్టుకున్నారు. పిల్లలు రాసారు. రాసినదాన్ని ఎవరూ చదవలేదు. సోమవారం నేను నోటుపుస్తకాలు అడిగితే, తాత కొబ్బరికాయ కొట్టిన పిల్లవాడు రెండు వాక్యాలు రాసి ఆపేశాడు. మిగతాది ఏమైందంటే, "మర్చిపోయిన టీచర్" అన్నాడు. సంతకం ఇంకో రోజు కూడా పెట్టొచ్చు. ఆ పిల్లవాడు ఆ తాత మాటలను ఆ వేడిలో రాయగలిగింది ఆ ఒక్క రోజే.

అన్ని వారాలూ మీ వల్లే తెగవు. మా వల్ల కొన్ని తెగుతాయి, ఊరి వల్ల కొన్ని తెగుతాయి. దసరా దాటాక పత్తి ఏరుడు మొదలైతే మా తరగతి పలుచబడుతుంది. పెద్ద పిల్లలు చేనుకు పోతారు. నడిపివాళ్ళు చంటిపిల్లలను చూసుకుంటూ ఇంట్లో ఉంటారు. మేం పొద్దున్నే తండాలో ఇల్లిల్లూ తిరుగుతాం. చంటిపిల్లను కూడా తీసుకొచ్చుకో అంటే కొందరు వస్తారు. వరండాలో ఒక పక్క ఆ పిల్ల పడుకుంటుంది, ఇంకో పక్క అక్క ఎక్కం రాస్తుంది. ఆ వారాల్లోనే మాకు మనిషి సాయం ఎక్కువ అవసరం. వచ్చినవాళ్ళు వచ్చిన రోజే ఏదో ఒకటి నేర్చుకుని పోవాలి, లేకపోతే రేపు రారు. ఆ రోజుల్లో శిక్షణలు పెట్టకండి. పత్తి క్యాలెండరు ప్రతి ఏడూ ఒకటే. దానికి తగ్గట్టు శిక్షణల తేదీలు వేసుకోవచ్చు. ఎండాకాలం సెలవుల చివర్లో పిలిస్తే మేం అందరం వస్తాం. ఎక్కువమంది టీచర్లు కూడా దీనికి ఒప్పుకుంటారని నా నమ్మకం.

బోధనేతర పనుల విషయం చట్టంలోనే స్పష్టంగా ఉంది. పదేళ్ళకోసారి వచ్చే జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. జనగణన, ఎన్నికలు దేశం పని. చేస్తాం, చేయాలి. 2027 జనగణనకు మమ్మల్ని పిలిస్తే సంతోషంగా వస్తాం. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లను పెట్టి, ఆ రోజుల్లో ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపారు. ఆ సర్వే అవసరమే. ఎవరు ఎంతమంది ఉన్నారో తెలియాలి, మా తండా లెక్క కూడా తెలియాలి. హైస్కూలు పిల్లలకు ఆ ఇబ్బంది రాలేదు, కాలేజీ పిల్లలకు రాలేదు. ఒకటో తరగతి పిల్లకే వచ్చింది. చిన్నపిల్లల చదువు ఆగితే ఎవరికీ పరీక్ష పోదు, ఎవరూ రోడ్డెక్కరు, అందుకే ప్రతిసారీ మా మీదికే వస్తుందని నాకు అనిపిస్తుంది. నష్టం మాత్రం వాళ్ళకే ఎక్కువ. పదో తరగతి పిల్లవాడు పది రోజులు పోగొట్టుకుంటే గైడు చదువుకుంటాడు. ఒకటో తరగతి పిల్ల ఇంట్లో చదివించేవాళ్ళు లేకుండా పది రోజులు పోగొట్టుకుంటే అక్షరాలే చెరిగిపోతాయి.

ఇప్పుడు తనిఖీల గురించి ఒక మాట. మీరు వస్తారు, ఒక పిల్లను లేపి ఒక పేజీ చదవమంటారు. కొత్త మనిషి, పెద్ద కుర్చీ, చుట్టూ నలుగురు. ఆ పిల్ల నోరు పెగలదు. పోయేటప్పుడు పుస్తకంలో ఒక వాక్యం రాసి పోతారు. నాకు దాని మీద కోపం లేదు, మీరు చూడాల్సిన బడులు చాలా ఉంటాయి. ఒక్క కోరిక ఉంది. ఏడాదికి కొన్ని బడులైనా సరే, సోమవారం రండి, మళ్ళీ అదే వారం శనివారం రండి. సోమవారం చదవలేని పిల్ల పేరు రాసుకోండి, శనివారం అదే పిల్లను లేపండి. సోమవారం కట్టలు విప్పని పిల్లకు శనివారం ఏం తెలుసో చూడండి. తేడా కనబడితే మా పని జరిగినట్టు. కనబడకపోతే ఆ వారం మధ్యలో ఏం జరిగిందో మమ్మల్ని అడగండి. మా తప్పైతే మా మీద రాయండి. తప్పు మాది కాకపోతే అది కూడా రాయండి, ఎక్కడికి పిలిచారో, ఏ గంటకు పిలిచారో.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బడి వేళల్లో వివరాలు అడగవద్దని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. నెలకు ఒక్కసారి ఒకే ఫారంలో అన్నీ తీసుకోండి. అదే వివరం మూడు యాప్‌లలో మూడుసార్లు నింపించకండి. మీటింగులను బడి అయ్యాక పెట్టండి, లేదా నెలలో ఒక రోజుకు చేర్చండి. రెండు గదుల బడుల నుంచి ఒక టీచరును పిలవాల్సి వస్తే ఆ రోజుకు దగ్గరి పెద్ద బడి నుంచి ఒకరిని సర్దండి. మండలానికి ఒకరిద్దరు టీచర్లు ఇట్లా సర్దుబాటుకే ఉంటే, సెలవు పెట్టినప్పుడు కూడా తరగతి ఆగదు. లంబాడీ మాట్లాడే చదువుకున్న అమ్మాయిలు మా తండాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇంటర్, డిగ్రీ చదివి, టీచరు శిక్షణ డీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒకటి, రెండు తరగతులకు వాళ్ళను వాలంటీర్లుగా పెట్టండి. చిన్న జీతమైనా నెలనెలా ఆలస్యం లేకుండా ఇవ్వండి. పిల్లకు తన భాషలో "ఏం కాదు, మళ్ళీ చదువు" అని చెప్పే మనిషి గదిలో ఉంటే ఎంత తేడా వస్తుందో నేను రాసి చెప్పలేను, వచ్చి చూడాల్సిందే.

వీటిలో ఒక్కటే ఇవ్వగలిగితే మంగళవారం, బుధవారం, గురువారం ఇవ్వండి. ఆ మూడు రోజులు ఏ పిలుపూ, ఏ మెసేజీ, ఏ మీటింగూ లేకుండా మా పిల్లలకు వదిలేయండి. సోమ, శుక్ర, శనివారాల్లో మీరు ఎప్పుడు పిలిచినా మాలో ఒకరం వస్తాం. ఈ ఒక్క మార్పును ఒక మండలంలో ఒక టర్ము నడిపి చూడండి. మొదట్లో చదవలేని పిల్లల జాబితా తీసుకోండి, టర్ము చివర్లో ఆ జాబితానే మళ్ళీ చూడండి. మా మండలాన్నే తీసుకోండి, మా బడినే ముందు పెట్టుకోండి. జాబితా నేను తయారుచేసి ఇస్తాను. మీరు వచ్చే రోజు ముందుగా చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం వస్తే పిల్లలతో కలిసి వరండాలో భోజనం చేయండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

దేవరకొండ ప్రాంతపు ఒక తండా బడి టీచరు
నల్లగొండ జిల్లా